రీఛార్జ్ చేసే వేప్: ఏ ఛార్జర్, ఏ కేబుల్, ఎక్కడ పెట్టాలి, ఎప్పుడు తీయాలి

యూకేలో 2025 జూన్ 1 నుంచి వాడి పారేసే వేప్‌లు (ఈ-సిగరెట్లు) అమ్మకూడదన్నారు. అప్పటిదాకా కౌంటర్ దగ్గరికొచ్చి "ఏ ఫ్లేవర్ బాగుంటుంది?" అని అడిగేవాళ్లు. ఇప్పుడేమో "అన్నా, మొన్న తీసుకున్నది అప్పుడే చచ్చింది, వేరేది ఇవ్వు" అంటున్నారు. తీసుకుని చూస్తే దానికేం కాలేదు, ఛార్జింగ్ అయిపోయిందంతే. కొత్తవి చూడ్డానికి పాతవాటిలాగే ఉంటాయి. రంగూ అదే, సైజూ ఇంచుమించు అదే. అడుగున చిన్న టైప్-సి పోర్టు ఉందన్న సంగతే చాలామంది గమనించరు. గమనించినవాళ్లు ఇంకో రకం: చేతికి ఏ ఛార్జర్ దొరికితే అది గుచ్చి, దిండు పక్కన పడేసి నిద్రపోతారు.

నేను తెనాలిలో సెల్‌ఫోన్ రిపేరు షాపు నడిపినవాణ్ణి. మా ఆవిడకి ఇక్కడ నర్సు ఉద్యోగం వస్తే ఆవిడ వెంట లెస్టర్ వచ్చాను. సాయంత్రాలు ఒక కార్నర్ షాపులో కౌంటర్ మీద ఉంటాను. మాస్టర్స్ చదవడానికొచ్చిన మన పిల్లలు వీటి ఛార్జింగ్ గురించి అడిగేవన్నీ ఒకచోట రాసి పెడదామని కూర్చున్నాను. అమెరికాలో ఉన్నవాళ్లకీ పనికొస్తుంది. అక్కడ వేల పఫ్‌లవి, ఛార్జింగ్ పెట్టుకుంటూ వాడి లిక్విడ్ అయిపోయాక పారేసేవి, ఇంకా దుకాణాల్లో కనిపిస్తూనే ఉన్నాయి. ఇక్కడ మాత్రం ఛార్జింగ్ ఒక్కటే ఉంటే సరిపోదు. లిక్విడ్ నింపుకోడానికో, లిక్విడ్ ఉండే చిన్న డబ్బీ, అంటే పాడ్, మార్చుకోడానికో వీలుండాలి, లేకపోతే అదీ పారేసే రకం కిందే లెక్క. బ్యాటరీ సంగతికొస్తే రెండు దేశాల సరుకూ ఒకటే.

ముందే ఒక మాట. సిగరెట్ అలవాటు లేనివాళ్లు దీని జోలికి రావద్దు. సిగరెట్ మానడానికి వాడేవాళ్లకి ఇది సిగరెట్ కంటే తక్కువ హాని అని ఇక్కడి ప్రభుత్వ వైద్య సంస్థ ఎన్‌హెచ్‌ఎస్ చెబుతుంది, హాని లేదని మాత్రం చెప్పదు. అసలు మానేయాలనుకుంటే వాళ్ల స్టాప్ స్మోకింగ్ సర్వీసు ఉచితం, వెళ్లండి. 18 నిండనివాళ్లకి అమ్మడం ఇక్కడ నేరం, కాబట్టి ఐడీ చూపించమంటే నా మీద అలగొద్దు.

లోపల ఉన్నది ఇంతే

చచ్చిన వస్తువు కనబడితే విప్పి చూసే అలవాటు నాకింకా పోలేదు. (మీరు విప్పొద్దు. ఎందుకో కింద చెబుతాను.) లోపల వేలెడంత లిథియం-అయాన్ సెల్, దాన్ని ఆనుకుని గోరంత బోర్డు, మనం నోటితో లాగగానే పసిగట్టి, లిక్విడ్‌ని వేడి చేసే కాయిల్‌కి కరెంటు వదిలే సెన్సర్. అంతకు మించి ఏమీ లేదు. సెల్ సామర్థ్యం ఎక్కువగా 400 నుంచి 650 ఎంఏహెచ్ మధ్య ఉంటుంది. మీ ఫోన్లో 5000 దాకా ఉంటుంది.

సైజు సంగతి వదిలేయండి. ఫోన్ బ్యాటరీకి కాపలా ఎక్కువ. వేడిని కొలిచే థర్మిస్టర్ ఉంటుంది, దాన్ని చూసి కరెంటు తగ్గించే ఐసీ ఉంటుంది, బ్యాటరీకే అతికించిన ప్రొటెక్షన్ బోర్డు ఉంటుంది. చవక వేప్‌లో ఛార్జింగ్ పనంతా టీపీ4054 లాంటి ఐదు కాళ్ల చిప్పు చూసుకుంటుంది. ఆ ఐదు కాళ్లలో సెల్ ఎంత వేడెక్కిందో తెలుసుకునే కాలు లేదు. సెల్ ఉడికిపోతున్నా ఆ చిప్పు తన పని తాను చేసుకుపోతుంది. కాబట్టి వేడి చూసుకునే బాధ్యత మనదే.

ఎంత కరెంటు తీసుకోవాలన్నది ఆ చిప్పు పక్కనున్న చిన్న రెసిస్టర్ నిర్ణయిస్తుంది. ఫ్యాక్టరీలో 2 కిలో ఓమ్‌లది పెడితే 500 మిల్లీ ఆంపియర్లు. అవతల మీరు 5 వాట్ల ఛార్జర్ పెట్టినా 65 వాట్లది పెట్టినా ఆ 500 దాటదు. తొందరగా ఎక్కుతుందని ల్యాప్‌టాప్ ఛార్జర్ తెచ్చి గుచ్చేవాళ్లు ఈ వాక్యం మళ్లీ చదవండి.

నా దగ్గర ఛార్జర్‌కీ కేబుల్‌కీ మధ్య పెట్టే యూఎస్‌బీ మీటర్ ఒకటుంది, తెనాలి నుంచి సంచిలో వేసుకొచ్చిన సామాన్లలో అదొకటి. 650 ఎంఏహెచ్‌ది పూర్తిగా అయిపోయాక దానికి తగిలించి చూస్తే ఆట బాగుంటుంది. మొదట 5.1 వోల్టుల దగ్గర 0.46 ఆంపియర్ చూపిస్తుంది. ఇంచుమించు గంట దాకా ఆ అంకె కదలదు. ఆ తర్వాత 0.40 అవుతుంది, కాసేపటికి 0.31, ఇంకాసేపటికి 0.2. బిందె నిండుతుంటే కుళాయి కొంచెం కొంచెం కట్టేస్తాం చూడండి, అలాగ. సెల్ 4.2 వోల్టులు అందుకోగానే చిప్పు వోల్టేజీని అక్కడే పట్టి ఉంచి కరెంటు తగ్గించుకుంటూ వస్తుంది. మొదట్లో తీసుకున్నదాంట్లో పదో వంతుకి దిగాక ఆపేస్తుంది. మీటర్ మీద సున్నాలు, వేప్ మీద లైటు ఆరడమో రంగు మారడమో. మొత్తం గంటన్నర, మహా అయితే రెండు గంటలు. మూడు గంటలైనా లైటు మారలేదంటే చిప్పులోనో సెల్‌లోనో ఏదో తేడా ఉంది, పీకేయండి.

ఇదే మీటర్ ఇంకో సంగతి కూడా చెబుతుంది. లోపలికొచ్చేది 5 వోల్టులు, సెల్‌కి చేరేది 3.7 అటూఇటూ. మధ్యలో మిగిలిన 1.3 వోల్టుల్ని ఆ చిప్పు వేడి కింద వదిలేస్తుంది. అర ఆంపియర్ దగ్గర అది 0.65 వాట్లు. వినడానికి తక్కువే. కానీ ఆ వేడి పుట్టేది గాలాడని తొడుగులో, సెల్ పక్కనే. అందుకని ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు గోరువెచ్చగా తగిలితే కంగారు పడకండి. చేతిలో పట్టుకోలేనంత కాలితే మాత్రం ఆపేయాల్సిందే.

కరెంటు బిల్లు గురించి కూడా అడుగుతారు, ఇంట్లో ఆరుగురు పంచుకునే కుర్రాళ్లు కదా. 650 ఎంఏహెచ్ సెల్ అంటే సుమారు 2.4 వాట్-అవర్లు. వేడిగా పోయేది కలుపుకున్నా మూడున్నర. యూనిట్ 25 పెన్నీలనుకుంటే ఒక ఛార్జింగ్‌కి పెన్నీలో పదో వంతు కూడా కాదు. ఆ లెక్క మీద కొట్టుకోవద్దు.

ఏ ఛార్జర్

అన్నిటికంటే మంచిది ఇంట్లో మూలన పడున్న పాత ఫోన్ అడాప్టర్. దాని మీద అవుట్‌పుట్ అన్నచోట 5 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంటే సరిపోయింది. అది లేకపోతే ల్యాప్‌టాప్ యూఎస్‌బీ పోర్టు. మామూలు పోర్టు 500 మిల్లీ ఆంపియర్లు ఇస్తుంది, నీలం రంగు నాలుక ఉన్న 3.0 పోర్టు 900 ఇస్తుంది. రెండూ చాలు. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని పని చేసుకుంటూ పెడితే కళ్ల ముందే ఉంటుంది కూడా. కాకపోతే ల్యాప్‌టాప్ మూసి పక్కన పెడితే కొన్నింటిలో పోర్టుకి కరెంటు ఆగిపోతుంది, అది గుర్తుంచుకోండి.

ఫాస్ట్ ఛార్జర్ పెడితే పేలిపోతుందని అందరూ అంటారు. అందులో సగమే నిజం. మంచి కంపెనీ ఫాస్ట్ ఛార్జర్ 9 వోల్టులో 20 వోల్టులో దానంతటది ఇవ్వదు. అవతలి వస్తువు అడిగితేనే ఇస్తుంది, అడగకపోతే 5 వోల్టుల దగ్గరే ఉంటుంది. అలా అడగడానికి కావలసిన సర్క్యూటు మన వేప్‌లో లేదు. కాబట్టి ఆ ఛార్జర్ వల్ల ముప్పూ లేదు, లాభమూ లేదు. ముప్పంతా మార్కెట్లో బరువు చూస్తేనే తెలిసిపోయే డూప్లికేట్ ఛార్జర్ల వల్ల. చేతిలో పట్టుకుంటే ఖాళీ డబ్బాలా తేలిగ్గా ఉంటాయి. లోపల ఫిల్టర్ కెపాసిటర్ ఉండాల్సిన చోట ఖాళీ, ట్రాన్స్‌ఫార్మర్‌లో ఇన్సులేషన్ నామమాత్రం. ఫోన్‌కైతే అలాంటి ఛార్జర్ నుంచి వచ్చే ఎక్కువ వోల్టేజీని ఆపే ఏర్పాటు ముందే ఉంటుంది. ఆ ఐదు కాళ్ల చిప్పుకి అంత ఓపిక లేదు. వేప్ పెట్టెలో వచ్చే కాగితం మీద ఫలానా ఛార్జరే వాడమని రాసి ఉంటే ఆ మాటే వినండి, నాతో వాదన పెట్టుకోవద్దు.

ఇంకొకటి, ఇది మనవాళ్ల ప్రత్యేకం. ఊరి నుంచి తెచ్చుకున్న రెండు పిన్నుల ఛార్జర్. ఇక్కడి సాకెట్‌లో పైనున్న ఎర్త్ రంధ్రంలో ఏదైనా దూరితే తప్ప కింద రెండు రంధ్రాలకి అడ్డుగా ఉన్న షట్టర్ తెరుచుకోదు. మనవాళ్లు ఆ పై రంధ్రంలో పెన్ను గుచ్చి, షట్టర్ తెరిచి, రెండు పిన్నుల్నీ కింద దూర్చేస్తారు. దూరుతుంది, ఎక్కుతుంది కూడా. కానీ ఆ సాకెట్ ఆ పిన్నుల కోసం చేసింది కాదు. వదులుగా నిలబడుతుంది, లోపల నిప్పురవ్వలు వస్తాయి, సాకెట్ మూతి నల్లబడుతుంది. ఖాళీ చేసేటప్పుడు ఓనరు డిపాజిట్‌లో కోసుకుంటాడు, అది వేరే సంగతి. ఇక్కడి మూడు పిన్నుల యూఎస్‌బీ అడాప్టర్ పేరున్న దుకాణంలో ఒకటి కొనుక్కోండి. యూకేసీఏ గుర్తో సీఈ గుర్తో (భద్రతా ప్రమాణాల గుర్తులు) ఉందా అని చూసి తీసుకోండి. ఆ గుర్తులు కూడా నకిలీవి వేస్తారు కాబట్టి మార్కెట్ బండి మీద పౌండుకి దొరికేదాని జోలికి పోకండి.

కారులో ఛార్జింగ్ పెట్టేవాళ్లూ ఉన్నారు. సిగరెట్ వెలిగించుకోడానికి పెట్టిన సాకెట్‌లో సిగరెట్ మానడానికి కొన్నదాన్ని గుచ్చుతారు. నడుపుతున్నంతసేపు పర్వాలేదు, దిగేటప్పుడు తీసేయండి.

కేబుల్ దగ్గరే చిక్కంతా

షాపుకి తిరిగొచ్చే వాటిల్లో "ఛార్జ్ ఎక్కట్లేదు" అన్నవాటికి ఎక్కువసార్లు కారణం కేబులే. పోయిన చలికాలం ఒక కుర్రాడు కొత్తది పట్టుకొచ్చాడు.

"అన్నా, పీస్ డిఫెక్ట్. పొద్దున్నుంచి పెట్టా, లైటే రాలేదు."

"ఏ కేబుల్ పెట్టావు?"

"ఫోన్‌దే అన్నా. ఒరిజినల్."

బ్యాగులోంచి తీశాడు. రెండు చివర్లా టైప్-సి. కౌంటర్ కిందున్న పాత కేబుల్, ఒక చివర వెడల్పాటి యూఎస్‌బీ, రెండో చివర టైప్-సి ఉన్నది, తీసి తగిలించాను. లైటు వెలిగింది. కుర్రాడు నన్నూ వేప్‌నీ మార్చి మార్చి చూశాడు.

ఇందులో మాయేమీ లేదు. రెండు వైపులా టైప్-సి ఉన్నప్పుడు అవతల ఒక వస్తువు ఉందని ఛార్జర్‌కి తెలిస్తేనే కరెంటు వదులుతుంది. ఆ కబురు అందించడానికి వస్తువు లోపల 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు రెండు ఉండాలి. చవక బోర్డుల్లో ఆ రెండు రెసిస్టర్లనీ పెట్టకుండా డబ్బు మిగుల్చుకుంటారు. ఛార్జర్ అటువైపు ఎవరూ లేరనుకుని ఊరుకుంటుంది. వెడల్పాటి యూఎస్‌బీ వైపైతే ఈ అడగడాలేమీ లేవు, 5 వోల్టులు ఎప్పుడూ ఉంటాయి. కాబట్టి వేప్‌ల కోసం అలాంటి కేబుల్ ఒకటి విడిగా ఉంచుకోండి. ఇదే చిక్కు ట్రిమ్మర్లకీ, చిన్న ఫ్యాన్లకీ, టార్చిలైట్లకీ కూడా వస్తుంది. పారేసే ముందు కేబుల్ మార్చి చూడండి.

కేబుల్ మార్చినా ఎక్కకపోతే పోర్టు చూడండి. జేబులో తిరిగే వస్తువు కదా, నూలుపోగులు పోయి లోపల గట్టిగా అట్టకట్టి ఉంటాయి. ఛార్జర్ పూర్తిగా దిగదు. చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా గీకి తీయండి. పిన్నీసు, సూది పెట్టొద్దు, మధ్యలో ఉన్న నాలుక మీది కాంటాక్టులు కలిసిపోతాయి. పోర్టులో లిక్విడ్ కారి జిగటగా ఉంటే పొడి కాటన్ బడ్‌తో తుడిచి, పూర్తిగా ఆరిందాకా తగిలించొద్దు. ఆ లిక్విడ్ చేతికి అంటితే వెంటనే కడుక్కోండి, నికోటిన్ చర్మంలోంచి కూడా లోపలికి పోతుంది.

అదీ కాకపోతే, నెలల తరబడి సొరుగులో పడి ఉన్నదైతే, సెల్ మరీ కిందికి దిగిపోయి ఉంటుంది. 2.9 వోల్టుల కంటే తక్కువలో ఉన్న సెల్‌ని ఆ చిప్పు పదో వంతు కరెంటుతో మెల్లగా లేపడానికి చూస్తుంది. అరగంట అలా కళ్ల ముందే ఉంచి చూడండి. లేస్తే మంచిది. లేవకపోతే వదిలేయండి. మన రిపేరు షాపుల్లో చచ్చిన బ్యాటరీకి నేరుగా సప్లై ఇచ్చి లేపుతాం, ఆ విద్య ఇక్కడ వద్దు. చాలాకాలం అడుగంటిన సెల్‌లో లోపలి రాగి రేకు కరిగి, మళ్లీ ఛార్జ్ చేసేటప్పుడు ఎక్కడబడితే అక్కడ పేరుకుంటుంది. అది లోపలే షార్ట్ అయ్యే దారి.

పాడ్ రకాల్లో ఇంకో చిన్న సంగతి: లైటు వెలుగుతోంది, పొగ రావట్లేదు అంటే అది ఛార్జింగ్ సమస్య కాదు. పాడ్ తీసి, అడుగున ఉన్న రెండు కాంటాక్టుల్నీ టిష్యూతో తుడిచి మళ్లీ పెట్టండి. లిక్విడ్ అయిపోయిందేమో కూడా చూడండి. లిక్విడ్ లేకుండా ఛార్జింగ్ పెట్టి పెట్టి లాగితే కాలిన దూది రుచి తప్ప ఏమీ రాదు.

ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు

ఇక్కడి ఇళ్లన్నీ కార్పెట్. మంచం పక్కన సాకెట్, సాకెట్ కింద కార్పెట్, కార్పెట్ మీద ఎక్స్‌టెన్షన్ బోర్డు, దాని మీద బట్టలు. స్టూడెంట్ గదుల్లో నేను చూసేది ఇదే. వేప్ అక్కడ ఛార్జింగ్ పెట్టకండి. దిండు, దుప్పటి, సోఫా, కార్పెట్, ఇవన్నీ వేడి బయటికి పోనివ్వవు, అంటుకుంటే ఆగవు. కిచెన్ గట్టు మీద, పొయ్యికీ సింకుకీ దూరంగా, పక్కన టిష్యూలూ కవర్లూ లేకుండా పెట్టండి. పింగాణీ ప్లేటులో పెడితే ఇంకా మంచిది. లిక్విడ్ సెన్సర్ వైపు కారకుండా చూసుకోండి. సెన్సర్ తడిస్తే కొన్ని ఎవరూ లాగకుండానే వాటంతటవే వెలగడం మొదలుపెడతాయి, కాయిల్ కాలుతూనే ఉంటుంది. ఛార్జింగ్‌లో ఉండగా అలా అయితే బాగోదు.

గుమ్మం దగ్గర, మెట్ల కింద పెట్టొద్దు. ఏదైనా జరిగితే బయటికెళ్లాల్సింది అటే.

చలికాలంలో కిటికీ గట్టు కింద గది వెచ్చబెట్టే రేడియేటర్ ఉంటుంది, చాలా ఇళ్లలో సాకెట్ కూడా అక్కడే ఉంటుంది. పైన పెడితే కింద నుంచి వేడి తగులుతూనే ఉంటుంది. లిథియం-అయాన్ సెల్‌ని 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు. సున్నా కంటే తక్కువలోనూ చేయకూడదు. జనవరిలో రాత్రంతా కారులో వదిలేసి పొద్దున్నే తెచ్చి వెంటనే గుచ్చితే లిథియం సెల్ లోపలికి ఇంకకుండా పైపైనే లోహంలా పేరుకుంటుంది. పైకి ఏమీ కనిపించదు, కానీ సెల్ ఆ దెబ్బ నుంచి కోలుకోదు. గదిలో గంటసేపు ఉంచి, చల్లదనం పోయాక పెట్టండి. డాలస్‌లోనో ఫీనిక్స్‌లోనో ఉన్నవాళ్లకి ఇదే మాట తిరగేసి చెప్పాలి: ఎండలో ఆపిన కారులో అసలు వదలొద్దు.

స్మోక్ అలారం గురించి చెప్పకపోతే ఈ రాత దండగ. మనం పోపు పెడితే చాలు, అలారం కూస్తుంది. అందుకని దానికి ప్లాస్టిక్ కవరో సాక్సో తొడిగేస్తారు, కొందరు బ్యాటరీ తీసి సొరుగులో పడేస్తారు. వంటయ్యాక ఆ కవర్ తీయడం ఎవరికీ గుర్తుండదు. అదే ఇంట్లో రాత్రికి ఫోన్లు, వేప్‌లు, ఇయర్‌బడ్స్, ఎవరిదో ఈ-బైక్ బ్యాటరీ, అన్నీ ఒకేసారి ఛార్జింగ్‌లో ఉంటాయి. పోపు పెట్టేటప్పుడు కిటికీ తెరవండి, వంటింటి తలుపు మూయండి. అలారాన్ని మాత్రం దాని మానాన ఉండనివ్వండి.

నిద్రపోయేటప్పుడు ఛార్జింగ్ వద్దని ఇక్కడి ఫైర్ సర్వీసులు పదేపదే చెబుతాయి. గంటన్నరలో అయిపోయేదానికి రాత్రంతా ఎందుకు? సాయంత్రం ఇంటికొచ్చి, స్నానం చేసి, అన్నం వండుకునేలోపు నిండిపోతుంది. ఫోన్లో టైమర్ పెట్టుకోండి. లైటు మారగానే ముందు గోడ మీది స్విచ్ ఆపి, తర్వాత కేబుల్ తీయండి. ఛార్జింగ్‌లో ఉండగా తాగొద్దు. ఒకవైపు నుంచి నింపుతూ రెండోవైపు నుంచి కాయిల్‌కి లాగుతుంటే ఆ సెల్‌కి రెండు వేడిలు ఒకేసారి. పైగా లోపలికెళ్లే కరెంటు కాయిల్‌కే పోతుంది కాబట్టి ఎంతకీ నిండదు.

ఫోన్లకి చెప్పినట్టు 20 నుంచి 80 శాతం మధ్యే ఉంచాలా అని ఒకరిద్దరు అడిగారు. నెలల తరబడి వాడే పాడ్ కిట్ అయితే ఆ పద్ధతి మంచిదే. పూర్తిగా చచ్చేదాకా ఆగకుండా, లైటు తగ్గిందని చూపించగానే పెట్టుకోండి, కాస్త తక్కువగా ఉన్నా తీసి వాడుకోండి. అమెరికాలో దొరికే పారేసే రకానికి మాత్రం అంత అపురూపం అక్కర్లేదు. బ్యాటరీ అరగకముందే లిక్విడ్ అయిపోతుంది. దానికి భద్రంగా పెట్టడం ఒక్కటి చూసుకుంటే చాలు.

ఇలా కనిపిస్తే చెయ్యి పెట్టొద్దు

వేప్ తొడుగు ఉబ్బినా, అతుకు విచ్చుకున్నా, రంగు మారినా, ఒక చోటే బాగా కాలుతున్నా మళ్లీ ఛార్జింగ్ పెట్టకండి. వాసన కూడా గమనించండి. ఫ్లేవర్ వాసన మీకు అలవాటే. సెల్ కారుతుంటే వచ్చేది వేరు, నెయిల్ పాలిష్ రిమూవర్ లాంటి ఘాటుతో తీపి కలిసి ఉంటుంది. బుస్సుమన్న చప్పుడు వినిపిస్తే ఇక ఆలోచించొద్దు. అందుబాటులో ఉంటే గోడ స్విచ్ ఆపండి, లేకపోతే అదీ వద్దు. గదిలోంచి వెళ్లిపోయి, తలుపు మూసి, ఇంట్లో అందర్నీ బయటికి తీసుకొచ్చి 999కి ఫోన్ చేయండి. వీడియో తీయడానికి లోపలికి వెళ్లొద్దు. ఆ పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉంటుంది, ఊపిరితిత్తుల్ని తినేస్తుంది.

విప్పొద్దని ఎందుకన్నానంటే, ఆ సెల్ పైతొడుగు చాలా పల్చన. స్క్రూడ్రైవర్ కొన జారి గుచ్చుకున్నా, రెండు చివరల నికెల్ పట్టీలు కలిసినా నిప్పే. వాడేసిన వేప్‌ల సెల్స్ తీసి పవర్ బ్యాంక్ చేసుకునే వీడియోలు బాగానే ఉంటాయి. ఒక్కో సెల్ ఒక్కో వయసులో ఉంటుంది, వాటన్నిటినీ కలిపి టేపు చుడితే ఏది ముందు పోతుందో ఎవరికీ తెలియదు. రిపేరు పని తెలిసిన నేనే ఆ పని పెట్టుకోను.

పిల్లలున్న ఇల్లయితే ఇంకో జాగ్రత్త. ఇక్కడ ఒక మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాముల నికోటిన్ దాకా అనుమతి, పాడ్‌లో 2 మిల్లీలీటర్ల దాకా పడుతుంది. అంటే ఒక్క పాడ్‌లో 40 మిల్లీగ్రాములు. రెండేళ్ల పిల్లకి అది ప్రాణం మీదికొచ్చే మోతాదు. ఛార్జింగ్‌లో ఉన్న వేప్ లైటు మెరుస్తూ, పండు వాసనతో, కేబుల్‌కి వేలాడుతూ ఉంటుంది, పిల్ల చెయ్యి దానిమీదికే పోతుంది. ఎత్తైన చోట పెట్టండి.

పారేయడం, ఇండియాకి వెళ్లడం

అయిపోయినదాన్ని ఇంటి చెత్తబుట్టలో వేయొద్దు. చెత్త లారీలో నొక్కేటప్పుడు సెల్ నలిగి అంటుకుంటుంది, లారీలూ రీసైక్లింగ్ కేంద్రాలూ తగలబడేది ఇలాంటివాటి వల్లే. వేప్‌లు అమ్మే ప్రతి షాపూ పాతవి తిరిగి తీసుకోవాలి. మా కౌంటర్ పక్కన కూడా ఒక డబ్బా ఉంది, ఎక్కడ కొన్నారని అడగను, తెచ్చి వేయండి. కౌన్సిల్ రీసైక్లింగ్ సెంటర్లోనూ ఇవ్వచ్చు. ఉబ్బినదైతే డబ్బాలో వేయకుండా నాకు చెప్పండి, అది విడిగా ఉంచాలి.

విమానంలో వేప్ చేతి సంచిలోనే ఉండాలి, చెక్-ఇన్ లగేజీలో పెట్టకూడదు, సీట్లో ఛార్జింగ్ పెట్టకూడదు. ఇది చెబితే అందరూ తలూపి, సంచిలో వేసుకుని హైదరాబాద్ ఫ్లైట్ ఎక్కబోతారు. ఇండియాలో 2019 నాటి చట్టం ప్రకారం ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన అన్నీ నిషేధం. మొదటిసారి పట్టుబడితే ఏడాది దాకా జైలో, లక్ష రూపాయల దాకా జరిమానానో, రెండూనో. రెండోసారి అయితే మూడేళ్లు, 5 లక్షల దాకా. ఫ్రెండ్‌కి గిఫ్టు అని రెండు మూడు పెట్టుకెళ్లేవాళ్లు శంషాబాద్‌లో కస్టమ్స్‌వాళ్లకి ఆ మాట చెప్పి చూడండి. మీరు వాడుకునేది కూడా ఎయిర్‌పోర్టుకి బయల్దేరే ముందే ఇక్కడ షాపు డబ్బాలో వేసి వెళ్లండి.